తెన్సియా రాసిన అంకె

ఒర్తెన్సియా కబవాతన్, అందరి నోటా తెన్సియా, పాలుయన్ డ్యామ్ మీద ఇరవై ఆరేళ్లుగా వాన లెక్కలు కడుతోంది. ఇంజనీరు కాదు. పట్నంలో రెండేళ్ల చదువు చదివి, కొండల్లో వాన కొలిచే పనిలో చేరి, చివరికి గేట్ల పక్క గదిలో కుర్చీ సంపాదించుకుంది. ఎంత వాన రాబోతోందో వాతావరణ కేంద్రం చెబుతుంది. అంత వాన దిగితే జలాశయం ఎంత లేస్తుందో, ముందే ఎంత నీరు వదిలి చోటు ఖాళీ చేసి పెట్టుకోవాలో ఆమె లెక్కకట్టి కాగితం మీద రాస్తుంది. కింద సంతకం మేనేజరుది. అంకె మాత్రం ఆమెది.

డ్యామ్‌కి పదిహేను కిలోమీటర్ల దిగువన దలయాప్‌లో ఆమె అన్న అంబ్రోసియో వరి పండించేవాడు. తెన్సియా పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి అయ్యాక భోజనం అన్న ఇంట్లోనే. వదిన కొన్సొలా పులియబెట్టిన చేపల ఊట వేసి వంకాయ, కాకరకాయ కలిపి వండేది. "ఇంకాస్త పెట్టుకో. ఆ గేట్లు నీకు వండిపెడతాయా?" అంటూ, అడక్కుండానే వడ్డించేది.

ఒక అక్టోబరులో పెద్ద తుఫాను సూటిగా మీదికొస్తోందని కబురొచ్చింది. జలాశయం నీటిమట్టం నాలుగు మీటర్లు దించాలని తెన్సియా రాసింది. మూడు రోజులపాటు కొంచెం కొంచెంగా నీళ్లు వదిలారు. నాలుగో రోజు తుఫాను ఉత్తరానికి మళ్లి సముద్రంలోకే పోయింది. దలయాప్‌లో ఆరేసిన బట్ట కూడా తడవలేదు. ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి, జలాశయం నిండలేదు. మార్చిలో కాలువ కట్టేశారు. పొట్ట మీదున్న వరి నిలువునా మాడిపోయింది.

ఆ ఆదివారం చర్చి ముందు అందరూ వింటుండగా అంబ్రోసియో గొంతెత్తాడు.

"మా చెల్లెలు మబ్బులతో మాట్లాడుద్ది. రాని వానకి చోటిచ్చి, ఉన్న నీళ్లు ఏట్లో పోయించింది!"

"మనోంగ్, ఆ వాన నిజంగా వచ్చుంటే?" అంది తెన్సియా. అన్నని మనోంగ్ అనే పిలిచేది.

"రాలేదుగా! వచ్చుంటే అంటావేంటి? నా చేలో ఎండింది వచ్చుంటే అన్న వరి కాదు, ఉన్న వరి."

ఎవరో నవ్వారు. అప్పట్నించి సంతలో కూరగాయలమ్మేవాళ్లు కూడా, "మనాంగ్ తెన్సియా, రేపు చేపలు ఎండబెట్టుకోమంటావా, వద్దా?" అని అక్క వరస కలిపి మరీ అడిగేవారు. ఆమె దలయాప్ వెళ్లడం మానేసింది. వదిన మాత్రం మానలేదు. ఆదివారం మధ్యాహ్నం డ్యామ్‌కి జనాన్ని తెచ్చే జీప్నీ బండి డ్రైవరు చేత కూర గిన్నె పంపేది.

మళ్లీ ఏడాది అక్టోబరు చివర్లో ఇంకో తుఫాను బయలుదేరింది. కొండల మీద పడే అవకాశం పదిలో ఆరు పాళ్లని కేంద్రం చెప్పింది. తెన్సియా చిత్తుకాగితం మీద లెక్క కట్టింది. మూడున్నర మీటర్లు తేలింది. మళ్లీ కట్టింది. అదే.

కొత్త మేనేజరు, ఇంజనీరు పగులాయన్, తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఏమంటారు మనాంగ్? పదిలో ఆరంటే, నాలుగు పాళ్లు రాదనేగా?"

"అవును ఇంజనీర్."

"మీరెంత రాస్తే అంత వదుల్తాను. నాకే పేచీ లేదు. తర్వాత చర్చి ముందు నిలబడాల్సింది మీరు." అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆయన హాస్యానికే అన్నాడు. తెన్సియా చాలాసేపు కాగితం ముందు కూర్చుంది. మాడిన చేను, అన్న మొహం, సంతలో నవ్వులు కళ్లముందు ఆడాయి. ఇవాళ్టికి తక్కువ రాసి, రేపు పెంచొచ్చు కదా అనుకుంది. ఒక మీటరు అని రాసింది.

తుఫాను రేపటిదాకా ఆగలేదు. వేగం పెంచుకుని ఒక రోజు ముందే కొండల్ని తాకింది. తెల్లవారేసరికి నీరు గంటకి అర మీటరు చొప్పున లేస్తోంది. ఉదయం పదకొండింటికి, డ్యామ్ తెగకుండా కాపాడుకోడానికి, ఏడు గేట్లూ ఒక్కసారే ఎత్తారు. సైరన్ మోగింది. కిందటిసారి మూడు రోజులు మోగి ఏమీ కాకపోవడంతో దలయాప్‌లో సగం మంది ఇళ్లలోనే ఉండిపోయారు. గంటన్నరకి ఏరు ఊళ్లోకి వచ్చింది. అంబ్రోసియో, కొన్సొలా ఇంటి కప్పెక్కారు. కప్పు రెండుగా విడిపోయింది. అతనున్న సగం కొబ్బరిచెట్లకి తట్టుకుని ఆగింది. ఆమె ఉన్న సగం ఆగలేదు. మూడో రోజు ఆమె శవం వంతెన దగ్గర దొరికింది. ఊళ్లో పోయినవాళ్లు తొమ్మిది మంది.

జనవరిలో విచారణ కమిటీ కూర్చుంది. పదిలో ఆరు పాళ్ల అవకాశానికి మీటరు దించడం నిబంధనలకు లోబడే ఉందని అధ్యక్షుడు చదివాడు. తెన్సియా లేచి నిలబడింది.

"అయ్యా, నాకు లెక్కలో మూడున్నర తేలింది. ఒకటని రాశాను."

"ఆ లెక్క కాగితం ఉందా?"

"చింపేశాను."

"మరైతే మా ముందున్నదే రికార్డమ్మా. లేనిదాన్ని మేమెక్కడ ఎక్కించుకుంటాం? కూర్చోండి."

పగులాయన్ తల తిప్పుకున్నాడు. గుమాస్తా పెన్ను కదల్లేదు.

పోయినవాళ్లని తలుచుకునే నవంబరు ఒకటిన సమాధుల దగ్గర అన్న ఎదురయ్యాడు. వదిన సమాధి చుట్టూ గడ్డి పీకుతున్నాడు. ఆమెను చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు.

"నీ తప్పేం లేదని కమిటీ తేల్చిందట. ఈసారన్నా మా నీళ్లు కాపాడాలని చూశావు. ఆ రోజు చర్చి దగ్గర ఏదో అనేశాను, మనసులో పెట్టుకోకు."

ఆ మంచి మాటే తెన్సియాను నిలవనివ్వలేదు. మొత్తం చెప్పేసింది. అంబ్రోసియో చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది.

"ఎందుకలా రాశావు?"

"నీకు భయపడి, మనోంగ్."

 అతను సమాధి వంక చూస్తూ అన్నాడు: "నాకు చెప్పకుండా ఉండాల్సింది. ఆ తుఫాను మీద కోపంతో బతికేవాణ్ణి. ఇప్పుడు దీన్ని పట్టుకుని నేనేం చెయ్యను?"

చేతిలో గడ్డి పారేసి వెళ్లిపోయాడు. తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

ఆ డిసెంబరులో మరో తుఫాను వచ్చింది. తెన్సియా తేలిన అంకె తేలినట్టే రాసింది: మూడు మీటర్లు. ముందుగానే వదిలారు. తుఫాను కొండల మీద విరుచుకుపడింది. దిగిన నీరంతా ఖాళీ చేసిన చోట్లో సర్దుకుని, కాస్త వెలితి కూడా మిగిలింది. ఏరు గట్టు దాటలేదు. దలయాప్‌లో ఎవరికీ ముప్పు తప్పిందన్న సంగతే తెలియలేదు. నాట్ల వేళకి జలాశయం పూర్తిగా నిండక కాలువ పది రోజులు ఆలస్యంగా వదిలారని, రైతులు డ్యామ్ ఆఫీసుకి అర్జీ రాశారు. సంతకాల్లో మొదటిది అంబ్రోసియోది.