తిట్టారు సరే, తప్పేదో చెప్పండి

మహిమ వాళ్లది జగ్గయ్యపేట దగ్గర పల్లె. అమ్మ ఆదెమ్మ మిరపకోతలకు వెళ్లేది. నాన్న ప్రేమదాసు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడు. అర్థంకానిది అడగడానికి జంకవద్దని బడిపిల్లలకు చెప్పేవాడు, కూతురికీ అదే అలవాటు చేశాడు.

నందిగామలో నర్సింగు చదువుతూ మహిమ ఆసుపత్రి డ్యూటీలకు వచ్చింది. ఒక పొద్దున ఓ ముసలాయనకు సెలైన్ సూది పెట్టబోతే నరం తప్పింది. చెయ్యి ఉబ్బింది. వార్డు ఇన్‌చార్జి ప్రమీలారాణి చూసింది.

"చేతులా అవి, చీపురుకట్టలా? ఎవరు పంపారమ్మా నిన్ను?" అంటూ ఆ సూది తీసేసి, రెండో చేతికి తనే పెట్టి వెళ్లిపోయింది.

పక్క మంచాలవాళ్లు నవ్వారు. ఇలాంటప్పుడు తోటి పిల్లలు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చేవాళ్లు, మర్నాడు ఆవిడ కంటపడకుండా తిరిగేవాళ్లు. మహిమకూ ఏడుపొచ్చింది. కానీ అంతకంటే ఎక్కువగా ఒక సందేహం పీకింది. అసలు నరం ఎందుకు తప్పింది?

డ్యూటీ మారే వేళ ప్రమీలారాణి టీ తాగుతుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మేడమ్, పొద్దున తిట్టారు కదండీ. పడతా. కానీ తప్పెక్కడ చేశానో చెప్పలేదండి."

"నన్నే అడుగుతున్నావా?"

"చూసింది మీరే కదండీ. ఇంకెవర్నడగను?"

ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత మూత తియ్యని సూది తెచ్చి, తన చేతిమీదే పెట్టి చూపించింది. "చర్మం లాగి పట్టుకోలేదు, నరం పక్కకి జారింది. సూది మరీ నిలువుగా పొడిచావ్. అయితే సెలైన్ ఎందుకు పెడుతున్నామో ఆయనకి చక్కగా చెప్పావ్, విన్నా."

"ఆ మాట కూడా అక్కడే అంటే బాగుండేదండి. ఏది బాగుందో తెలీకపోతే భయంలో అదీ మానేస్తాం."

"మాకెవరు చెప్పారే? తిట్లతోనే నేర్చుకున్నాం," అంది ప్రమీలారాణి. అన్నది గానీ నవ్వింది.

మర్నాటి నుంచి డ్యూటీ అయ్యాక మహిమ ఆవిడ దగ్గర ఆగడం మొదలుపెట్టింది. మెల్లగా మిగతా పిల్లలూ చేరారు. ఆవిడ నోరు మారలేదు గానీ, తిట్టు వెనకాలే కారణమూ రాసాగింది. కొన్నాళ్లకు కొండలరావు అనే రైతు వాంతులతో నీరసించి వచ్చాడు. చేతుల్లో నరమే కనపడటంలేదు.

"మహిమా, నువ్వు రా," అని పిలిచింది ప్రమీలారాణి.

మొదటిసారికే సూది సరిగ్గా దిగింది. "బాగా పెట్టావ్. టేపు మాత్రం కాస్త వదులుగా వెయ్యి," అందావిడ, వార్డంతా వినేలా.

ఇప్పుడు మహిమ జగ్గయ్యపేటలో స్టాఫ్ నర్సు. తన దగ్గరకీ విద్యార్థులు వస్తున్నారు. మొన్న సుస్మిత అనే విద్యార్థినికి, ఆమె కట్టు కట్టడంలో చేసిన పొరపాట్లు గబగబా చెప్పుకుపోతుంటే, ఆ పిల్ల చెయ్యెత్తింది.

"మేడమ్, మీరు మరీ స్పీడండి. సగం అర్థం కావట్లా."

మహిమ ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చుని, నిదానంగా మళ్లీ మొదటి నుంచి చెప్పింది.