ఇంటి కయ్య

అల్లూరుకు తూర్పున, రొయ్యల గుంటలు మొదలయ్యే చోట మాకు మూడెకరాల వరి పొలం ఉంది. అందులో ఇంటి వెనకే ఉన్న చిన్న మడిని మేము ఇంటి కయ్య అంటాం. మేము తినే గింజలు అందులో పండుతాయి. మిగతాదంతా అమ్మకానికి. రెండింటికీ విత్తనం ఒకటే. కానీ ఇంటి కయ్యలో యూరియా పడనివ్వను, పురుగుమందు డబ్బాను గట్టు దాటనివ్వను. దానికి నా ఎరువే. పేడ, తడిసిన గడ్డి, రాలిన వేపాకు, కూరగాయల తొక్కలు, పొయ్యిలో బూడిద, అన్నీ గుంటలో పొరలు పొరలుగా వేసి, ఎండాకాలమంతా నీళ్లు చల్లుతూ, తిరగేస్తూ మాగబెడతాను. ఆ వాసనకు మా ఆయన ముక్కు మూసుకుంటాడు. కంచం ముందు మాత్రం మూసుకోడు.

మాది ఇసుక నేల, పైగా ఉప్పుగాలి. పొద్దున పెట్టిన నీరు సాయంత్రానికి కనబడదు. ఇంటి కయ్య ఒక్కటే ఏటేటా ఎరువు తిని నల్లబడింది. కాలువ ఆగిపోయినా లోపల తడి ఉంటుంది. పారతో ఒక్క పెళ్ల తిరగేస్తే వానపాములు బయటపడతాయి. పక్క కయ్యల్లో వానపామును చూసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు. ఇంత తెలిసినదానివి, మిగతా పొలానికీ వేయవేం అని ఎవరైనా అడిగితే, ఉన్నవి రెండు బర్రెలు, గుంట చాలదు అంటాను. నిజమే. కానీ గుంటను పెద్దది చేద్దామని నేను ఏనాడూ అనుకోలేదు. అమ్మిన బియ్యం ఎవరు తింటారో మనకు కనబడదు కదా.

కోతల పండుగకు ప్రథమ ఫలంగా ఏటా ఒక బుట్టెడు బియ్యం చర్చికి తీసుకుపోతాను. దేవుడికి మందులు కొట్టినవి ఎలా పెడతాం? ఇంటి కయ్యవే పెడతాను. ఆరాధన అయ్యాక, విశ్వాసులు తెచ్చినవన్నీ అక్కడే వేలం వేస్తారు. ఈసారి నా బుట్టను మా వీధి చివరింటి అక్క పాడుకుంది. వాళ్లాయనకు కడుపు ఆపరేషన్ చేసి అప్పుడే ఇంటికి పంపించారు. ఏది తిన్నా ఇమడడం లేదు, మనిషి సగమైపోయాడు.

వారం తిరగకముందే అక్క మా గుమ్మంలో నిలబడింది.

"ఏం బియ్యమమ్మే అయ్యి! రాత్రి అన్నంలో నీళ్లు పోసి పెడితే, పొద్దుటికి కూడా మెతుకు మెతుకుగా అట్టనే ఉండాది. మీ బావ అడిగి పెట్టించుకున్నాడు. తిన్నది కడుపులో నిలబడింది. ఒక బస్తా ఇయ్యి చెల్లే, ఆయన లేచి తిరిగేదాకా అయ్యే పెడతా."

ఇంటి బియ్యం మాకు ఏడాదికి సరిపడా లెక్క చూసి దాచుకున్నవి. అమ్మకపు బస్తాల్లో ఒకటి చూపించాను.

"అదే విత్తనం, అదే పొలం అక్కా" అన్నాను.

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా ఆమె ఆ బస్తాను ఆటోలో వేసుకుని పోతుంటే, నేను గుమ్మంలో నిలబడలేక లోపలికి వచ్చేశాను.

కొన్నాళ్లకు ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ అక్క కొంగు తలమీద కప్పుకుని లేచింది.

"కోతల పండుగనాడు దేవుని బల్ల కాడ పెట్టిన బియ్యం తిని మా ఆయన కోలుకోబట్టినాడు. అయ్యే బియ్యం వాళ్లింట్లో బస్తా కొన్నా. అన్నం పొద్దుటికే పాచిపోయింది, ఆయనకి మళ్లా ఇమడలా. ఇత్తనం ఒకటే, పొలం ఒకటే. దేవుడు ముట్టుకున్న గింజ వేరని నాకప్పుడు తెలిసొచ్చింది. ప్రభువుకు స్తోత్రం!"

అందరూ స్తోత్రం అన్నారు. అలవాటుకొద్దీ నేనూ అన్నాను. అన్నాక గానీ తెలిసిరాలేదు. నా కక్కుర్తికి దేవుణ్ణి అడ్డం పెట్టాను. పైగా ఆమె నోటితోనే ఆయనకు స్తోత్రం చెప్పించాను. ఆ తర్వాత పాస్టరు అయ్యగారు చెప్పిన వాక్యం ఒక్కటీ నా చెవిన పడలేదు.

బయట చెప్పుల దగ్గర అక్కను ఆపి అంతా చెప్పేశాను. ఇంటి కయ్య, ఎరువు గుంట, నేనిచ్చిన బస్తా ఎక్కడిదో, అన్నీ. ఆమె తిట్టలేదు. తిడితే నేనూ రెండు మాటలు అని తేలికపడేదాన్ని, నా నోరు అలాంటిది.

"దేవుడికి మంచియ్యి పెట్టినావు, నీ ఇంటికి మంచియ్యి ఉంచుకున్నావు" అంది నెమ్మదిగా. "దేవుడు అన్నం తింటాడంటమ్మే? తినేది మేం గదా."

ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసింది.

"సరేలే, అయిపోయిందేదో అయిపోయింది. ఆ ఇంటి బియ్యంలో కాసినియ్యి, మీ బావ లేచేదాకా."

ఇస్తానని చెప్పడానికే నోరు తెరిచాను. "మాకే చాలవేమో అక్కా" అని వచ్చింది.