మూత బిగించే మనిషి

మా ఆయన ఫిట్టరు. సముద్రం అడుగు చూడటానికి మనుషులు కూర్చుని దిగే ఇనుప గోళానికి బయటినుంచి మూత బిగించడం ఆయన పని. లోపలున్నవాళ్లు దాన్ని తెరవలేరు. పైకొచ్చాక మళ్లీ ఆయనే విప్పాలి.

"అంత ప్రమాదం అవసరమా?" అని చుట్టాలెవరైనా అంటే చాలు, ఒంటికాలి మీద లేచేవారు. "అందరూ భయపడి ఒడ్డున కూర్చుంటే ఎవరికి ఏం తెలుస్తుంది?" అని వాళ్ల నోళ్లు మూయించేవారు. అదే మనిషి ఇంట్లో స్నానాల గదికి కూడా లోపల గడియ పెట్టుకోనివ్వరు. ఎవరైనా లోపల చిక్కుకుపోతారని భయం; తలుపు దగ్గరగా వేస్తే చాలట! చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

మా అమ్మాయి సముద్రపు మట్టి మీద పరిశోధన చేస్తోంది. ఈసారి గోళంలో తనే దిగుతున్నానని నిన్న భోజనాల దగ్గర చెప్పింది. ఈయన కంచం తోసేశారు.

"అక్కడేముంది, బురద! దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"అందరితో ఇలా అనరుగా నాన్నా."

"అందరూ వేరు, నువ్వు వేరు."

"మరి ఇన్నాళ్లూ మూత బిగించి పంపింది ఎవరి పిల్లల్ని?"

ఆయన నావైపు చూశారు, నేను వెనకేసుకొస్తానన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. దాన్ని వెళ్లమనడానికి నోరు రాదు. వద్దనడానికి ముఖం చెల్లదు. ఇద్దరిలో ఎవరిని తిట్టను?

చేతులు కడుక్కోకుండానే ఆయన లేచి స్నానాల గదిలోకి వెళ్లారు.

లోపల గడియ పడింది. ఎంత కొట్టినా తీయలేదు.