ఊ కొడితే నమ్మని మనిషి

పరుపుల కంపెనీలో సరుకు పంపించే మేనేజరుకు ఊ కొట్టేవాళ్లంటే గిట్టదు. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాడు. భార్యకు ఏదైనా పని చెబితే ఆమె "ఊ" అంటుంది; ఆయన కదలడు. "చేతిలో పని అవగానే చేస్తానన్నాగా!" అని ఆమె విసుక్కుంటే, ఆ విసుగులో ఏదో మతలబుందనుకుంటాడు. అలాంటివాడి నెత్తిన ఆఫీసువాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. వచ్చిన ఆర్డర్లన్నీ అందులో క్యూ కడతాయి. "అందింది" అని వెంటనే తెరమీద పడుతుంది గానీ, పని మాత్రం వంతు వచ్చినప్పుడే జరుగుతుంది.

మొన్న ఒక ఆసుపత్రికి లారీడు పరుపులు కావాల్సి వచ్చాయి. మేనేజరు ఆర్డరు పంపాడు. తెర "అందింది" అంది. గోడౌన్‌లో చీమ కూడా కదల్లేదు. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, దొంగను చూసినట్టు తెరను చూశాడు.

"క్యూలో ఉంది సార్, వంతు రాగానే అదే కదులుతుంది. మళ్లీ పంపితే ఇంకో ఆర్డరనుకుంటుంది," అంది ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునే ప్రోగ్రామరు అమ్మాయి.

"అలాగేనమ్మా," అన్నాడు. ఆమె అటు తిరగ్గానే మళ్లీ పంపాడు. టీ తాగొచ్చి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి పంపాడు.

మర్నాడు ఆసుపత్రి గేటు ముందు మూడు లారీలు బారులు తీరాయి. అంబులెన్సుకు దారి లేదు. ఫోన్లో వాళ్లు పెట్టిన చివాట్లన్నీ విని, మేనేజరు ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"చూశావా అమ్మా, పైకి ఊ కొడుతూ అన్నీ ఎలా మనసులో పెట్టుకుందో! దీన్ని నమ్మొద్దని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాగా!"