రిత్సుకో వంగిన పాయింటు

జపాన్లోని అకితాలో మా బ్యాంకు తరఫున బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడిన రిత్సుకోకి స్మాష్ కంటే క్షమాపణే బాగా వచ్చు. పొద్దున నా పక్క కౌంటర్లో వచ్చినవాళ్లందరికీ నడుం వంచేది, మధ్యాహ్నం రాకెట్ పట్టేది. తను కొట్టిన కాక్ నెట్ అంచుకు తగిలి అవతల పడితే, అదృష్టం కొద్దీ పాయింటు వచ్చిందని ప్రత్యర్థులకు క్షమాపణ చెప్పడం మా మర్యాద. అందరూ చెయ్యెత్తి సరిపెడతారు. ఈ మహాతల్లి నడుం వంచి నేల చూసేది.

కంపెనీల టోర్నీ ఫైనల్లో స్కోరు సమానం. ఇక మిగిలిన ఒక్క పాయింటు ఎవరిదైతే కప్పు వాళ్లది. రిత్సుకో కొట్టిన కాక్ నెట్ మీద తూలి అవతలికి జారింది. మా బ్యాంకంతా లేచి అరిచాం. రిత్సుకో వంగింది. ఈలోగా అవతలి పిల్ల బోర్లాపడి, కాక్ నేలకు తగలకముందే లేపేసింది. అది తిన్నగా వచ్చి రిత్సుకో వీపు మీద పడింది. కప్పు పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. అవతలి పిల్ల సిగ్గుపడి తనూ వంగింది.

రిత్సుకో లేవబోయింది. పదేళ్లుగా ఆమెతో జోడీ కట్టిన నొబుయె వచ్చి, మెడ మీద చెయ్యి వేసి నొక్కింది.

"అప్పుడే లేవకే తల్లీ! ఎలాగూ వంగావు, నాక్కూడా చెప్పేసి లే."