మూడు శాలువాల ఉస్తాద్

గురువారం పొద్దున జమ్మలమడుగు నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టరు, ప్రొద్దుటూరు బస్టాండులో నన్ను చూసి దిగీ దిగకముందే చెప్పాడు. "మీ ఉస్తాద్ చనిపోయినాడప్పా. తెల్లారి నమాజుకు లేచి, కాళ్లూ చేతులూ కడుక్కుంటా అట్లే ఒరిగిపోయినాడంట."

నేను నమ్మలేదు. మంగళవారం సాయంత్రం ఆయన అంగడి అరుగు మీద కూర్చుని టీ తాగి వచ్చినవాణ్ణి. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. శుక్రవారం జుమ్మా నమాజు కాగానే ప్రొద్దుటూరు వస్తానన్నాడు. రేపు రావలసిన మనిషి ఈరోజు ఎలా పోతాడని కండక్టరుతో వాదానికి దిగాను. అతను పాపం, నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు కూర్చోబెట్టాడు.

ఉస్తాద్ అంటే మాకు ఫుట్‌బాల్ నేర్పిన గురువు. పటాలంలో పనిచేసి వచ్చి, జమ్మలమడుగులో తోలుపని అంగడి పెట్టుకున్నాడు. ఎద్దుల మెడపట్టెలు, జట్కా గుర్రాల జీనులు కుట్టేవాడు. చుట్టుపక్కల ఏ ఊళ్లో బంతి కుట్లు విడిపోయినా ఆయన చేతికి రావలసిందే. కుట్టడం అయ్యాక బంతిని చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో నొక్కి, ఏదో వినపడినట్టు తల ఊపేవాడు. ఏం వినపడుతుందని అడిగితే, "తన్నేవాళ్లను తిడతాంది" అనేవాడు. మేమంతా వట్టికాళ్లతో ఆడేవాళ్లం. ఆటకు ముందు మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి అరికాళ్లు చూసి, పల్లేరు ముళ్లుంటే తన సూదితోనే తీసేవాడు. మా నాయనకు కూడా నా అరికాళ్లు అంత బాగా తెలియవు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల క్లబ్బుల మధ్య ఏటా దసరా ముందు ఒక కప్పుకు పోటీ జరుగుతుంది. ఆటగాళ్లు మేమైనా క్లబ్బులు నడిపేది వ్యాపారస్తులూ పెద్ద రైతులూ. కప్పు రాకపోతే ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంటుంది. ఆట నేర్పినాయనను పిలిపించి, నాలుగు మంచి మాటలు చెప్పి, శాలువా కప్పుతుంది. దాని అర్థం రేపటినుంచి రావద్దని. ముఖం మీద వెళ్లిపొమ్మనడం మర్యాద కాదని మా పెద్దలు కనిపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు తలచుకుంటే ఆ మర్యాద మీద నాకు మండుతుంది.

కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు ఉస్తాద్ తన సొంత ఊరు జమ్మలమడుగు జట్టును చేతిలోకి తీసుకున్నాడు. దసరాకు మా ప్రొద్దుటూరు చేతిలో ఓడిపోయారు. శాలువా కప్పారు. మరుసటి ఏడు మా కమిటీ ఆయన్ని ప్రొద్దుటూరుకు పిలిచింది.

అంతవరకూ మాకు తెలిసిన ఆట ఒకటే. బంతిని ఆకాశానికి తన్నడం, అది యాడ పడితే ఆడికి అందరూ పరుగెత్తడం. ఎంత ఎత్తుకు తంతే జనం అన్ని ఈలలు వేసేవాళ్లు. ఉస్తాద్ మొదటిరోజే దాన్ని మాన్పించాడు. మమ్మల్ని పెన్నా ఇసుకలోకి తీసుకుపోయి, బంతిని నేల మీదనే పక్కవాడికి అందించమన్నాడు. ఇసుకలో బంతి దొర్లదు. కాలు సరిగ్గా తగిలితేనే కదులుతుంది. పిక్కలు పట్టేసి మేం మూలుగుతుంటే ఆయన గట్టు మీదనుంచి అరిచేవాడు. "నీ కాడ పెట్టుకోవద్దురా, పక్కోనికియ్యి. ఇచ్చినాంక నిలబడొద్దు, ముందుకు పో."

ఆ ఏడు జమ్మలమడుగు మమ్మల్ని చిత్తుగా ఓడించింది. సాయంత్రం మా ప్రెసిడెంటు బంగారు అంగట్లో కమిటీ కూర్చుంది. ఆటగాళ్ల తరఫున నేనూ ఉన్నాను. ఉస్తాద్ ఏమీ దాచకుండా మాట్లాడాడు.

"పిల్లోళ్లు పాత ఆట మరిచినారు శెట్టీ, కొత్త ఆట ఇంగా రాలా. ఈ నడిమధ్యలోనే ఎవరైనా ఓడేది. ఇది దాటనీండి."

ప్రెసిడెంటు తన ముందున్న గీటురాయి చూపించాడు. "నాకు ఒక్క గీత సాలు సాయిబూ. బంగారమో కాదో చెప్పేస్తా."

"అది తయారై వచ్చిన బంగారు. వీళ్లు ఇంగా మట్టిలో ఉండారు. మట్టిని రాయిమీద గీస్తే ఏం తెలుస్తాది?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే శాలువా కప్పారు. ఆ రోజు మమ్మల్ని ఓడించిన జమ్మలమడుగు కుర్రవాళ్లు అంతకుముందు ఏడు ఆయన పెన్నా ఇసుకలో పరుగెత్తించినవాళ్లేనన్న సంగతి అంతమంది వ్యాపారస్తులున్న ఆ అంగట్లో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

తర్వాతి ఏడు ఆయన్ని పులివెందుల వాళ్లు పిలుచుకుపోయారు. ఆ ఏడు మేం కప్పు గెలిచాం. నేల మీద బంతి గీత గీసినట్టు పోతుంటే జనం ఈలలు వేయడం కూడా మరిచి చూశారు. ఓడింది ఎవరనుకున్నారు? పులివెందుల. వాళ్లూ శాలువా కప్పి బస్సెక్కించారు. బస్టాండులో కనబడితే నేను తలెత్తలేకపోయాను. ఆయన మాత్రం నా వీపు మీద చరిచి, "శానా బాగా ఆడినార్రా. నన్ను నేనే ఓడిస్తాండా, ఇంగొకడు కాదు గదా" అన్నాడు. ఆ మాటలో దెప్పు లేదు. నిజంగానే సంబరపడుతున్నాడు. కళ్లు మాత్రం అలిసిపోయి ఉన్నాయి.

ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. మూడు ఊళ్లలో ఓడిన మనిషి అని పేరు పడింది. నేను జమ్మలమడుగు పోయినప్పుడల్లా అంగడికి వెళ్లేవాణ్ణి. ఆయన ఒక శాలువాను చింపి, దాంతో బంతులకు నూనె రుద్దుతుండేవాడు. "మంచి గుడ్డప్పా. తోలుకు బాగా పట్టిస్తాది." రాజధాని హైదరాబాదుకు మారిందని పేపర్లో చదివి వినిపిస్తే, "కర్నూలుకే మూడేండ్లిచ్చినారు. నాకు యాడా రెండోది రాలేదే" అని నవ్వాడు. మద్రాసు, కలకత్తా పెద్ద క్లబ్బులు కూడా ఇంతేనా అని ఒకసారి అడిగాను. ఆడ దుడ్లు ఎక్కువ, ఓపిక ఇంకా తక్కువ అన్నాడు. తనకు కప్పు మీద ఆశ లేదనీ, ఒక్క జట్టు తన చేతుల్లో నడిమధ్య దాటి అవతలికి పోవడం చూడాలనీ చెప్పాడు. విత్తనం వేయడమే గాని పంట చూడని సేద్యం ఎవడు చేస్తాడప్పా అన్నాడు. ఆయన ఏదైనా అడిగినట్టు మాట్లాడింది ఆ ఒక్కసారే.

మొన్న దసరాకు పులివెందుల మమ్మల్ని ఓడించింది. కాలు బెణికి నేను ఆ రోజు ఆడలేదు. నా పక్కన కూర్చున్న ప్రెసిడెంటు ఆట సగంలో ఉన్నట్టుండి, "వీళ్ల ఆట మన ఆట మాదిరే ఉందే. ఎవరు నేర్పినారు?" అన్నాడు. నేను చెప్పాను.  తర్వాత అంతకుముందు ఏడు మమ్మల్ని ఎవరు గెలిపించారని అడిగాడు. అదీ చెప్పాను. జమ్మలమడుగు సంగతి తనే అన్నాడు. ఆ సాయంత్రం కమిటీ కూర్చోలేదు. ఈ సోమవారం నన్ను అంగడికి పిలిచి, "సాయిబును పిలుచుకరా. మూడేండ్లు. ఓడినా సరే. ఈతూరి శాలువా లేదని చెప్పు" అన్నాడు.

మంగళవారం నేను ఆ మాట చెప్పినప్పుడు ఉస్తాద్ సూది పక్కన పెట్టాడు. "ఓడినా మూడేండ్లేనా?" అన్నాడు. అవునన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అవునన్నాను. లోపలికి తిరిగి, "వింటివా, ఓడినా ఉండమంటాండారంట" అని భార్యకు చెప్పాడు. నేను బస్సెక్కేవరకూ వెంట వచ్చి, ఇసుకలోకి మొదటిరోజు ఎవరెవరిని దించాలో చెబుతూనే ఉన్నాడు. ఆ గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆయన పోయాడన్న మాట చెయ్యి రాస్తోందే గాని మనసు ఒప్పుకోవడం లేదు.

బస్టాండునుంచి నేరుగా బంగారు అంగడికి పరుగెత్తాను. ప్రెసిడెంటు ఎవరిదో ఉంగరం గీటురాయి మీద పెట్టబోతున్నాడు. విషయం విని, ఉంగరం అలాగే పట్టుకుని, "రేపు గదా వస్తానన్యాడు?" అన్నాడు. పొద్దున కండక్టరును నేనడిగిన మాటే. అంగడి మూసి నాతో వచ్చాడు.

మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా లేచింది. మూడు ఊళ్ల ఆటగాళ్లూ వచ్చారు. చాలామంది ఇళ్లలోనుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే, వట్టికాళ్లతో ఉన్నారు. అక్కడి పద్ధతి ప్రకారం పాడెను ఎవరూ ఎక్కువదూరం మోయరు. నాలుగడుగులు భుజం పెట్టి, వెనకవాడికి అందించి తప్పుకుంటారు. అందరికీ ఆ పుణ్యం దక్కాలని. పులివెందుల జట్టులో బ్యాక్ ఆడేవాడు నాకు అందించాడు, నేను జమ్మలమడుగు గోల్‌కీపరుకు అందించాను.  ఆయన నేర్పినట్టే ఇచ్చి ముందుకు నడిచాం.

ప్రెసిడెంటు కూడా వచ్చి భుజం పెట్టాడు. నాలుగడుగులయ్యాయి. వెనకనుంచి ఒక కుర్రవాడు ఆయన వీపు తట్టి చెయ్యి చాపాడు. ఆయన తప్పుకోలేదు. ఇంకొకరు తట్టారు. అయినా కదల్లేదు. మా ఊళ్లో నాలుగిళ్ల అవతలికైనా జట్కా లేనిదే వెళ్లని మనిషి, చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయి, చెమటలు కారుతూ నడుస్తున్నాడు. చివరికి జమ్మలమడుగు పెద్దాయన ఒకాయన దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఇడువు శెట్టీ. ఇంగొకరికి వంతు రావాల."

ప్రెసిడెంటు తల తిప్పలేదు. "ఇంగ కొంచేపు ఉండనీ మామా" అన్నాడు.