ఎడమచేతి లక్క

బుర్గుండీలో మా ఊరి ద్రాక్షకోత ముగిసిన మర్నాడు అందరం ఒకే పొడవాటి బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తాం. దాన్ని పోలే అంటాం. ఎవరికి వాళ్ళు ఓ సీసా తెచ్చి పక్కవాళ్ళకి పోయాలి. బల్ల మీద పెట్టిన సీసా బిరడా తియ్యకుండా వెనక్కి పోకూడదు. యజమాని తెచ్చినా, పీపాలు కడిగేవాడు తెచ్చినా ఇందులో తేడా లేదు.

ఓదిల్ పెరొషె పని మానేసి నాలుగేళ్ళయింది, పోలేకి మాత్రం మానలేదు. మా యజమాని అర్నూ గారికి రాతిగోడ లోపల చిన్న ద్రాక్షతోట ఉంది. అందులో తీగలు కత్తిరించే పని ఆమెది, ఆమె భర్త గస్పార్‌ది. నేను పక్క వరుసల్లో ఉండేవాణ్ణి కనక వాళ్ళ పోట్లాటలన్నీ విన్నాను. తీగకి ఆరు మొగ్గలు వదలాల్సిన చోట గస్పార్ నాలుగే వదిలేవాడు, కాపు తగ్గితే రసం చిక్కబడుతుందని. తీగల కడుపు మాడుస్తున్నావని ఓదిల్ సణిగేది. పంతొమ్మిది వందల తొంభై మూడులో మరీ పొట్టిగా కోశాడు. ఆమె కత్తెర కింద పడేసి గట్టిగా అరిచింది. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ముందు తాగి చూడవే. తర్వాత మాట్లాడుదువుగాని," అన్నాడు.

ఆ మార్చిలోనే, ఆఖరి వరుస కత్తిరించిన వారానికి, గస్పార్ గుండె ఆగి పోయాడు.

ఆ ఏడు తోట ఒక్క పీపాకే సరిపడా కాసింది. అంటే మూడు వందల సీసాలు. మామూలుగా పనివాళ్ళందరికీ పేరు చీటీ అంటించని నిండు సీసాలు తలా నాలుగు ముట్టేవి. ఆ ఏడు ఒక్కటీ మిగల్లేదు. పీపాలో ఉండగానే బయటి వ్యాపారులు కొనేశారు. అవి ఇప్పుడు జెనీవాలో, లండన్‌లో ఇనుప తలుపుల వెనక పడుకుని ఉన్నాయి. తక్కువ ఉన్నాయని వెల పెరిగింది, వెల పెరిగిందని ఎవరూ తాగరు. ఒక్కోసారి సీసా కదలను కూడా కదలదు, కాగితం మీద సొంతదారు మాత్రం మారిపోతాడు. ఆ వెలల వల్లే మా ఊరి ఇళ్ళకి కొత్త కప్పులు పడ్డాయి, కాదనను. అయినా నాకు ఒళ్ళు మండేది. ఓదిల్‌కి మాత్రం కోపం లేదు. ఒక్క గుక్క చాలు, ఆయన అన్నది నిజమో కాదో తేల్చుకుంటాను అనేది. ముప్పై ఏళ్ళుగా అదే మాట.

మూడేళ్ళ కిందట పోలేకి అర్నూ గారు ఒక అతిథిని పిలిచారు. బ్రసెల్స్ నుంచి వచ్చిన వాన్ హూఫ్ గారు, పాత సీసాలు కూడబెట్టే మనిషి. గొడ్డుమాంసం గిన్నెలు వస్తుండగా ఆయన తోలుసంచీలోంచి ఒక సీసా తీసి జాగ్రత్తగా బల్ల మీద నిలబెట్టాడు. గోడ లోపలి తోటది. తొంభై మూడు.

ఇది అసలుదని తేలితే వేలానికి పంపుతానన్నాడాయన. దొంగదైతే, అంటే ఎవరో నకిలీ చేసిందైతే, ఇక్కడే వదిలేసి పోతాను, మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి అన్నాడు. అర్నూ గారు చీటీ చూశారు, వెలుగుకి పట్టి చూశారు, తేల్చలేకపోయారు. చివరికి సీసా ఓదిల్ చేతికొచ్చింది. ఆ ఏటి సీసాల మూతులు వేడి లక్కలో ముంచింది ఆమే. బల్ల కింద ఆమె కాలు తొక్కాను. దొంగది అని ఒక్క మాట అంటే చాలు, సీసా ఇక్కడే ఉండిపోతుంది.

ఆమె మూతి చుట్టూ బొటనవేలితో తడిమింది. ఒక చోట ఆగింది.

"అసలుదేనండీ," అంది. "నాది ఎడమచేతి వాటం. లక్క కారిన తోక ఇటు వాలింది చూడండి. మా ఊళ్ళో ఇంకెవరు ముంచినా అటు వాలుతుంది."

వాన్ హూఫ్ గారి మొహం వెలిగిపోయింది. అప్పటికే కుర్రకారు చెంచాలతో బల్ల కొడుతున్నారు, పెట్టిన సీసా తియ్యాల్సిందే అని. అర్నూ గారు బిక్కమొహం వేశారు. ఓదిల్ లేచి సీసాని తోలుసంచీలో పెట్టేసింది.

"ఊరుకోండర్రా. ఆయనకి మన పద్ధతి తెలీదు. తెలీక పెట్టిన సీసా తియ్యకూడదు."

నేను ఆమెని తిట్టాను, నిజంగానే తిట్టాను. వినిపించనట్టు రొట్టె తుంచుకుంది. సాయంత్రం వాన్ హూఫ్ గారు కారెక్కబోతుంటే ఆపి, గస్పార్ సంగతి, నాలుగు మొగ్గల సంగతి, అన్నీ చెప్పేశాను. కాస్త కటువుగానే చెప్పాను. ఆయన తోలుసంచీ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సీసా ఏ వేలంలోనో పోయి ఉంటుందనుకున్నాం.

మరుసటి ఏడు పోలేకి ఎవరూ పిలవకుండానే వచ్చాడు. తిన్నగా ఓదిల్ దగ్గరికి నడిచి, అదే సీసా ఆమె పళ్ళెం పక్కన పెట్టాడు.

"ఇప్పుడు పద్ధతి తెలుసమ్మా," అన్నాడు.

లక్క నేనే గీకి తీశాను. బిరడా సగానికి విరిగింది, ఎలాగో లాగాను. మొదటి గుక్క ఓదిల్‌కి పోశాను. బల్ల చుట్టూ నలభై మందిమి ఉన్నాం, అందరం ఆమెనే చూస్తున్నాం. ఆమె వాసన చూసింది, తాగింది, గ్లాసు కింద పెట్టలేదు. ఎదురుగా ఎవరూ లేని చోటికి చూస్తూ ఉండిపోయింది. కళ్ళు తుడుచుకోలేదు.

"తాగి చూశాను గస్పార్," అంది మెల్లిగా. "ఇంక నేనేం మాట్లాడను."